రాయదుర్గం కంప్యూటరుకు ఆయుధ పూజ

అనంతపురంలో కూర్చుని రాయదుర్గంలో ఉన్న కంప్యూటరును నడిపే ఉద్యోగం కొన్నాళ్లు చేశాను. ఈ మాట ఇప్పటి పిల్లలకు చెబితే "అందులో ఏముంది?" అంటారు. ఏముందా? ఒక ఫోను తీగ ఉంది. ఆ తీగకు అటు చివర ఒక పెద్దమనిషి ఉన్నాడు. నాకు బీపీ వచ్చింది ఆయన వల్లేనని ఇంట్లోవాళ్లు ఇప్పటికీ అంటారు.

మా సావుకారుకు రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే షెడ్డు, అనంతపురంలో ఆఫీసు ఉండేవి. షెడ్డులో ఒక మూల కంప్యూటరు. ఎంత బట్ట వచ్చింది, ఏ లారీకి ఏ సరుకు ఎక్కింది, అన్నీ అందులోనే. అది మొండికేసినప్పుడల్లా నేను కళ్యాణదుర్గం మీదుగా బస్సులో పోయి, తల నిండా దుమ్ము నింపుకుని, ఒకే ఒక్క మీట నొక్కి, మళ్లీ బస్సెక్కి వచ్చేవాణ్ని. నా గోడు సావుకారు చెవికెక్కలేదు గానీ, నేను ఆఫీసులో లేని రోజుల నష్టం ఎక్కింది. ఫోను తీగ మీద కంప్యూటర్లను కలిపే మోడెములు రెండు కొన్నాడు.

ఇక్కడి నుంచి ఫోను కొడితే అక్కడి మోడెం దానంతటదే ఎత్తుతుంది. రెండూ కాసేపు కీచుమని పోట్లాడుకుని రాజీకి వస్తాయి. అప్పుడు రాయదుర్గం తెర నా తెర మీదికి దిగుతుంది. దిగడమంటే టక్కున కాదు, మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మ మెట్లు దిగినట్టు. ఆ తర్వాత నేను ఇక్కడ మౌసు జరిపితే, అక్కడ తెర మీద బాణం గుర్తు తీరిగ్గా జరుగుతుంది.

షెడ్డులో గుమాస్తా నాకంటే పదేళ్లు పెద్ద. అయినా హెడ్డాఫీసులో కూర్చున్న ప్రతివాడూ ఆయనకు అన్నే. బాణం కదలడం చూసిన మొదటి రోజు కుట్టుపని ఆడవాళ్లందరినీ పిలిచి చూపించాడట. "మనిషి అనంతపురంలో ఉండాడు, చెయ్యి మాత్రం ఈడ ఉండాది సూడండి" అని.

అంతవరకు బాగానే ఉంది. ఆయనకున్న జబ్బల్లా మర్యాదే. షెడ్డులో ఉన్నది ఒకటే ఫోను లైను. మోడెం పనిలో ఉండగా ఫోను ఎత్తితే కనెక్షను తెగిపోతుంది. ఈ సంగతి చెప్పాను, కాగితం మీద రాసి గోడకు అంటించమన్నాను, అంటించాడు కూడా. అయినా నేను చెమటోడ్చి సగం పని చేసేసరికి, బాణం కదలడం చూసి ఫోను ఎత్తేవాడు.

"అన్నా, తింటివా?"

తెర మాయం. మళ్లీ మొదటి నుంచి కీచులాట.

"ఏమప్పా! నీకు బుద్ధుండాదా? ఎత్తొద్దని ఎన్నిసార్లు చెప్పాల నీకు?"

"అది కాదన్నా. నువ్వు మా ఆఫీసులోకొచ్చి తిరుగుతాండావు. వచ్చినోన్ని పలకరించకుండా గమ్మున కూసుంటే ఏం బాగుంటుంది?"

దీనికి జవాబు ఏ కంప్యూటరు పుస్తకంలోనూ లేదు. రోజూ తిట్టేవాణ్ని. రోజూ శ్రద్ధగా వినేవాడు. తిట్లు అయిపోయాక, "సరే గానీ, ఆ పక్క వాన పడిందా?" అని అడిగేవాడు. వాన పడి ఉంటే మా జిల్లా పేపర్లో వేస్తారు కదా.

ఇలా ఉండగా ఒకరోజు సావుకారు నా వెనక నిలబడి, రాయదుర్గం తెర మీద బాణం పరిగెత్తడం చాలాసేపు చూశాడు. "అంతా ఈడ నుంచే అయితాంటే, ఆడ ఆ మనిషికి జీతం ఎందుకప్పా?" అన్నాడు.

ఆయనకు ఉపాయం కూడా తట్టింది. ఆయుధ పూజ వస్తోంది. ఆ రోజు కత్తెర మొదలుకొని కుట్టు మిషన్ల దాకా పనిముట్లన్నిటికీ పూజ చేస్తారు, పూజ చేసినదాన్ని మళ్లీ మరుసటి రోజు దాకా ముట్టుకోరు. షెడ్డులో ఎవరూ వేలు పెట్టని ఆ రోజున ఇక్కడి నుంచి సరుకు లెక్క సరిచూసి, లారీ బిల్లు అక్కడి ప్రింటరులో కొట్టి చూపించాలి. చూపిస్తే గుమాస్తా వచ్చే నెల నుంచి రానక్కర్లేదు.

"మన కంప్యూటరుకు కూడా పూజ చేయాల కద సార్?" అన్నాను.

"దానికి దశమి రోజు చేద్దాంలే. దేవుడు సర్దుకుంటాడు" అన్నాడు. మా సావుకారు విషయంలో దేవుడు అంతకుముందు కూడా చాలాసార్లు సర్దుకున్నాడు.

గుమాస్తాతో పరీక్ష సంగతి చెప్పొద్దన్నాడు. పండగనాడు కంప్యూటరు ఆర్పకుండా ఉంచమని మాత్రం చెప్పాను. ఆయనకు వెంటనే ధర్మసందేహం పట్టుకుంది. మేము ముట్టుకోకపోయినా నువ్వు ఆడ నుంచి కదిలిస్తే అది పని చేసినట్టా, కాదా? గుడి అయ్యవారినే అడిగి వచ్చాడు. ముట్టిన చెయ్యి ఈ ఊరిది కాకపోతే దోషం లేదని ఆయన తీర్పు ఇచ్చాడట. ఇంత చిన్న సంగతికి ఫోనులో మురిసిపోతున్న మనిషికి అసలు సంగతి చెప్పేయాలనిపించింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సర్దిచెప్పుకున్నాను, కుదరలేదు. ఆ వారమంతా ఆయన ఎప్పటిలాగే ఫోను ఎత్తి కనెక్షను తెంపుతూనే ఉన్నాడు. నేను "సరేలేప్పా, ఏం కాదులే" అని మళ్లీ కలుపుకున్నాను.

పండగ రోజు సావుకారు కొత్త పంచె కట్టుకుని వచ్చి నా పక్కన కుర్చీ వేసుకున్నాడు. నంబరు కొట్టాను. మొదటిసారికే కలిసింది. ఒక్కసారైనా తెగితే బాగుండునని నాకున్నా, అది ఎంతకూ తెగదే! పనిముట్లలో ఫోను కూడా ఒకటని, దానికీ కుంకుమ పెట్టి చామంతి దండ వేశారని నాకు తర్వాత తెలిసింది. ఏడాది పొడుగునా దొరకని కనెక్షను ఆ రోజు దొరికింది. లెక్క తేలింది. బిల్లు కొట్టమని ఆజ్ఞ వేశాను. సావుకారు తొడ చరిచాడు.

"కాయితం వచ్చిందా?"

"పంపించినాను సార్."

"పంపించినావులేప్పా. వచ్చిందా?"

ప్రింటరులో కాగితం వచ్చిందో, ఇరుక్కుందో, అసలు కాగితమే లేదో ఆ తెర చెప్పదు. అక్కడున్న మనిషిని అడగాలి. కనెక్షను తీసేసి మామూలుగా ఫోను చేశాను. అక్కడ పూజలో ఉన్న ఫోనును ఎవరూ ముట్టుకోలేదు. కాసేపు మోగాక మోడెమే ఎత్తి నా చెవిలో కీచుమంది. సావుకారు రిసీవరు లాక్కుని విన్నాడు. "ఏమంటాంది?" అన్నాడు. మళ్లీ చేశాం. మళ్లీ అదే కీచు. మనిషి అవసరం లేదని తేల్చడానికి వచ్చినాయన, ఒక్క మనిషి గొంతు కోసం మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాడు. టిఫిను కూడా అక్కడికే తెప్పించుకున్నాడు.

చివరికి మా ఫోను మోగింది. గుమాస్తానే. బస్టాండు పక్కన ఎస్టీడీ బూతు నుంచి.

"పొద్దున్నుంచి ఫోను ఒకటే మోగుతాండాది, ఏమో అడగాలనుకుంటాండారని బూతుకొచ్చినా. కాయితం వచ్చిండాదన్నా, బాగా వచ్చిండాది. నేను ముట్టుకోలే. దండ పక్కనే పడిండాది. రేపు పొద్దున్నే తీస్తా."

"మరి లారీ?"

"లారీ యాడికి పోతాదన్నా? దానికీ పూజ అయిపాయ. డ్రైవరు ఈ పొద్దు కదిలించనంటాండాడు."

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, లారీ కూడా పనిముట్టేనన్న సంగతి మా సావుకారుకు తోచలేదు. నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు, ఎందుకంటే అటువైపు గొంతు ఉన్నట్టుండి తగ్గింది.

"అన్నా, ఇంతకీ నా పని ఉన్నట్టా, పోయినట్టా?"

"నీకెవరు చెప్పినారప్పా?" అన్నాను.

"ఎవురూ చెప్పలే. వారం నుంచి నువ్వు నన్ను తిట్టలేదు కదన్నా. అప్పుడే అనుకుంటి."

అంతా తెలిసే ఉన్నాడు. ఫోను ఒక్కసారి ఎత్తి ఉంటే పరీక్ష అక్కడికక్కడే పోయేది, ఎత్తలేదు. రిసీవరు సావుకారు చేతికి ఇచ్చాను.

ఆయనకూ ఆ మాట వినపడే ఉంటుంది. కాసేపు పంచె అంచు సర్దుకున్నాడు. "ఈడ ఉన్నోళ్లకు ఆడ కాయితం వచ్చిందో లేదో కూడా తెలీలేదు కదప్పా. నువ్వు యాడికి పోతావు? రేపు పొద్దున్నే బిల్లు తీసి లారీ పంపు" అని, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

నేను రిసీవరు అందుకుని, వారం రోజుల బాకీ అంతా తీరేలా గుమాస్తాను తిట్టాను. పూజకు ముందే ఫోను చేసి లారీ సంగతి చెప్పాలని తెలీదా, వయసొచ్చింది గానీ బుద్ధి రాలేదా అని నోటికొచ్చినట్టు తిట్టాను. "తిట్టన్నా, ఇంకా తిట్టు" అన్నాడు. ఆ తర్వాత, ఆ బూతులో జనం మధ్యలో నిలబడి, ఆయన ఏడవడం వినిపించింది.