వినాయకుడి కింద ఎర్ర పిట్ట

ఆ రోజుల్లో శుభలేఖ పారేయడానికి మా ఇళ్లల్లో ఎవరికీ చేతులొచ్చేవి కావు. పెళ్లైపోయి, ఆ జంటకి పుట్టిన పిల్లలు బడికెళుతున్నా, వాళ్ల కార్డు మాత్రం మా వసారాలో ఇనప తీగకి గుచ్చుకుని వేలాడుతూనే ఉండేది. పైన వినాయకుడుంటాడు కదా, ఆయన్ని చెత్తలో ఎలా వేస్తాం? నేను ఎనిమిదో తరగతిలో ఉండగా రెండువేల సంవత్సరం వస్తోందని ఊరూవాడా ఒకటే హడావుడి. (కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్నారు. మా ఊళ్లో ఆగడానికి ఒక్కటీ లేదు.) క్లాసులో అందరూ గ్రీటింగు కార్డులు కొనుక్కుంటుంటే, నాన్న “పత్తి అమ్మాక చూద్దాంలే” అన్నాడు. పత్తేమో ముందు గదిలో దూలాల దాకా పేరుకుని ఉంది. ధర పెరిగేదాకా అది కదలదని, నాకు గ్రీటింగులు రావని తేలిపోయింది.

అప్పుడు నా కళ్లు ఆ తీగ మీద పడ్డాయి. కాగితం ముక్కలు అతికించి చేసే బొమ్మని కొలాజ్ అంటారని అప్పటికి నాకు తెలియదు. పత్తి విత్తనాల ప్యాకెట్టు ఎరుపుతో పిట్ట ఒళ్లు చేశాను. పురుగుమందుల క్యాలెండరులోని ఆకుపచ్చతో కొమ్మ, బంగారు అక్షరాలు మెరిసే ‘చి.ల.సౌ.’ ముక్కతో తోక. అడుగున మందపాటి శుభలేఖ అట్ట. దాని నాలుగు మూలలా పసుపు ముందే అద్ది ఉంది కాబట్టి రంగు కలిసొచ్చింది. జిగురు అమ్మకి తెలియకుండా ఉడికించిన మైదా. అంతా అయ్యాక ఒక్కటే చిక్కు, కత్తిరించగా మిగిలిపోయిన వినాయకుళ్లు. పారేస్తే కళ్లు పోతాయని అక్క బెదిరించింది. (ఇంటరు చదువుతుండేది, దానికన్నీ తెలుసు.) అందుకని ప్రతి కార్డుకీ పైన ఒక వినాయకుణ్ణి అంటించేశాను. లోపల బుద్ధిగా నూతన సంవత్సర శుభాకాంక్షలు రాసి, కింద నాన్న పేరు పెట్టాను. ఒకటి వేటపాలెం అత్తయ్యకి పోస్టు చేశాను.

అత్తయ్య నాన్నకి స్వయానా అక్క. మా గృహప్రవేశానికి నాన్న వెళ్లి బొట్టు పెట్టించి పిలవకుండా ఎవరిచేతో కబురు పంపాడని అలిగి, మూడేళ్లుగా మా గడప తొక్కలేదు. “తప్పు నాదేనే” అని నాన్న అమ్మతో వందసార్లు అనేవాడు గానీ, అత్తయ్యతో ఒక్కసారీ అనలేదు. ఆవిడ రాకపోవడంతో మా ఇంటికి జీడిపప్పు రావడం కూడా ఆగిపోయింది. (నా బాధల్లా అదే.)

కొత్త సంవత్సరం వచ్చిన వారానికే, ఓ మధ్యాహ్నం బస్సు దిగి అత్తయ్య వచ్చేసింది. చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడి, కార్డు నాన్న ముఖం ముందు ఊపింది.

“ఏరా, ఆ పిల్ల ఇంకా ఇంటరన్నా గట్టెక్కలేదు, అప్పుడే పెళ్లా? పోనీ చేస్తున్నావు, ఇంటి ఆడపడుచుకి కార్డు పోస్టులో పడేస్తావా? వచ్చి పిలవడానికి నీకు కాళ్లు లేవా, బొట్టు పెట్టడానికి మీ ఆవిడకి చేతులు లేవా?”

“పెళ్లేంటక్కా? ఎవరిది?” అన్నాడు నాన్న.

“నన్నడుగుతావేం? వినాయకుడున్నాడు, పసుపుంది, చి.ల.సౌ. ఉంది. ఇంకేం కావాలి?”

(మా వైపు శుభలేఖని చూస్తారు గానీ చదవరు.) తన పెళ్లి సంగతి తనకే తెలియని అక్క వంటింటి గుమ్మంలో నోరు తెరుచుకుని నిలబడింది. నాన్న కార్డు తెరిచి లోపలున్నది పైకి చదివాడు. తర్వాత నావంక చూశాడు. నేను పత్తిలోకి దూరిపోయాను.

అమ్మ నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అత్తయ్య మాత్రం నవ్వలేదు. దారి పొడుగునా కూడబెట్టుకొచ్చిన కోపాన్ని ఎక్కడ దించాలో తెలియక కాసేపు నిలబడి, “అయితే నన్నెవరూ దేనికీ పిలవలేదన్నమాట” అని చిన్నగా అని, సంచీ భుజానికి తగిలించుకుని వెనుదిరిగింది. నాన్న ఉన్నచోటు నుంచి కదలడే. ఆవిడ వాకిలి దాటితే మళ్లీ రాదని నాక్కూడా అర్థమైంది. జీడిపప్పు మాట నిజంగానే మర్చిపోయాను.

“కుంకుమ భరిణ పట్రా” అన్నాడు నాన్న అమ్మతో, ఉన్నట్టుండి. “అక్కకి బొట్టు పెట్టు.”

“దేనికిరా? పెళ్లా, పేరంటమా?” అంది అత్తయ్య ఇటు తిరక్కుండానే.

“అన్నానికి” అన్నాడు నాన్న. “బొట్టు పెట్టి పిలుస్తున్నాం. రా అక్కా, వంకాయ కూర చల్లారిపోద్ది.”

అత్తయ్య వెనక్కి వచ్చి అమ్మ ముందు నుదురు వంచింది. ఆ పూట ఆవిడ తిన్నదానికంటే ఏడ్చింది ఎక్కువ, నాన్నని తిట్టింది అంతకన్నా ఎక్కువ. నాన్న తల వంచుకుని హాయిగా తిట్లు తిన్నాడు.

నా కళ వల్లే ఇంట్లో రాజీ కుదిరిందని చాలా రోజులు గొప్పగా తిరిగాను. నిజానికి నా పిట్టని ఒక్కరూ చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు పిలుపులన్నీ ఫోన్లోనే కదా. మొన్న మా అబ్బాయి పుట్టినరోజుకి నేనూ కూర్చున్నచోటునుంచే బంధువులందరికీ రంగురంగుల బొమ్మొకటి పంపాను. సగం మంది రాలేదు. ఒక్కరూ అలగలేదు. కేకు కోసే వేళ, ఎవరైనా బస్సు దిగి వచ్చి నన్ను నాలుగు తిడతారేమోనని గుమ్మం వైపు చూస్తూ నిలబడ్డాను. “ఎవరి కోసం మమ్మీ?” అని మావాడు అడిగితే నవ్వేసి, వాడి చేతికి చాకిచ్చాను.