వంతు దక్కని గొర్రెలు

మా ఊళ్లో రెండు పార్టీలు. బాంబులు వేసుకోవడం మానేసి ఏళ్లయింది. అయినా ఒకరి వెనక ఒకరు నిలబడమంటే ఇద్దరికీ చావే. ఐదో తరగతిలోనే పలక పారేసి గొర్రెల వెంట పోయిన నాకు ఏ జెండా లేదు. ఆ నాలుగక్షరాలూ చదువుకోలేదని ఇప్పటికీ నామీద నాకే కోపం.

మందలు కలిసిపోయి కొట్లాటలకు కట్టెలు లేస్తున్నాయని పశువుల డాక్టరు గొర్రెల చెవులకు చిప్పు బిళ్లలు వేయించాడు. ఏ గొర్రె ఎవరిదో ఇక యంత్రమే చెబుతుందన్నాడు. నమ్మాను.

టీకాల రోజు వేంపల్లె బయట కంచెలు కట్టి సన్నటి దారి చేశారు. దాని చివర యంత్రం. ఒక్కో మందా వరసగా పోవాలి. రెండు పార్టీలవాళ్లూ తమ మందలను ఒకేసారి తోలారు. మధ్యలో నా డెబ్బై గొర్రెలు కొట్టుకుపోయాయి.

అటు తేలేసరికి యంత్రం నావి నలభై రెండే చదివింది. మిగతావి అధికార పార్టీ పెద్దమనిషి మందలో కలిసిపోయాయి.

ప్రొద్దుటూరు నుంచి యంత్రం తెచ్చినాయన తల గోక్కున్నాడు.

"బిళ్లలన్నీ ఒకేతూరి పలికితే దీనికి ఒకటీ తెలీదు మామా. అందుకే వంతులు పెడతాం. ఒక్కో బిళ్ల ఒక వంతు ఏరుకొని పలుకుతాది. నేను పదారు వంతులే పెట్టినా. ఇన్ని వందలొస్తే ఒక్కో వంతులో పదేసి అరస్తాండాయి."

"జమ్మలమడుగు మీటింగు మాదిరి ఉందే! స్టేజీ మీద అందరూ మాట్లాడతాండారు, ఎవురి మాటా యినపడదు. వంతులు పెంచి ఇంకోసారి సదువప్పా," అన్నాను.

యంత్రమాయన పెద్దమనిషి వైపు చూశాడు.

"ఒగతూరి అయిపాయె. మళ్లా ఏంది?" అన్నాడు పెద్దమనిషి. "సదవనివి నీవని యాడ రాసుండాది?"

"మొఖాలు జూసి ఒక్కోటీ సెప్తా."

"నీ మొఖం జూసుకో పో."

డాక్టరు పెన్ను మూత పెట్టేశాడు.

నాకు ఒళ్లు మండింది. బిళ్ల వేసే వయసు రాని నా పాలపిల్లలను పొద్దున్నే పెద్ద గంప కింద మూసి ఉంచాను. గంప ఎత్తేశాను. వందల గొర్రెలు ఒక్కసారే అరుస్తున్నాయి. ఒక్క పిల్లా తడబడలేదు. పదకొండు పిల్లలు పెద్దమనిషి మందలోకి దూరి, పదకొండు తల్లుల పొదుగులకు తగులుకున్నాయి.

"సూడు సారూ! ఏ కరెంటూ లేకుండానే సదివినాయి!"

"గొర్రెపిల్లల మాట ఫారంలో యాడ రాసేదప్పా?" అన్నాడు డాక్టరు, నేల చూస్తూ.

పెద్దమనిషి మనుషులు మందను పులివెందుల దారి పట్టించారు. పిల్లలనైనా లాక్కుందామని వంగాను. తెచ్చుకుంటే పాలు ఎవరిస్తారు? పరాయి తల్లి దగ్గరికి రానివ్వదు. రెండు రోజుల్లో చస్తాయి.

చేతులు వెనక్కి తీసుకున్నాను. పదకొండూ తల్లుల వెంట పరుగెత్తాయి. ఖాళీ గంపను కాలితో తన్నాను.