మా అత్త దానమ్మ చేసిన ప్రార్థన

సహోదరీ సహోదరులారా, ఈ ధర్మవరం సంఘంలో మీ ముందు నిలబడి నా నోటితో నేను మాట్లాడుతున్నానంటే అది ప్రభువు కృప. ఎందుకంటే నా నోరు నా మాట వినని కాలం ఒకటి ఉండేది, కళ్లు తెరుద్దామన్నా తెరుచుకోని కాలం, గుక్కెడు నీళ్లు మింగితే ముక్కులోంచి బయటికి వచ్చే కాలం. అక్కడి నుంచే మొదలుపెడతాను.

నా పేరు సుజాత. పుట్టిల్లు హిందూపురం, మెట్టినిల్లు పెనుకొండ. అక్కడే ఒక చిన్న బడిలో ఒకటో తరగతి పిల్లలకు చదువు చెప్పేదాన్ని. మా ఆయన ప్రేమ్‌కుమార్ లారీ మెకానిక్. మా అత్త దానమ్మ చిలమత్తూరు వైపు పల్లెలో గొర్రెలు మేపుకుంటూ పెరిగిన మనిషి. చిన్న వయసులోనే భర్త పోతే వేరుశనగ చేలల్లో కూలికి పోయి కొడుకును పెంచింది. ఆమె గురించి చెప్పకుండా నా సాక్ష్యం చెప్పడం నాకు చేతకాదు.

పెళ్లయిన కొన్నాళ్లకు నా ఎడమ కంటి రెప్ప వాలిపోవడం మొదలైంది. పొద్దున బాగానే ఉండేది, మధ్యాహ్నానికి కిందికి జారేది. "మేడమ్‌కు నిద్ర వస్తాండాది" అని పిల్లలు నవ్వేవాళ్లు, నేనూ నవ్వేదాన్ని. తర్వాత బోర్డు మీద నేను రాసిన అక్షరమే నాకు రెండుగా కనిపించింది. చపాతీ నములుతుంటే దవడ అలిసిపోయి సగంలో ఆగిపోయేది, సాయంత్రమయ్యేసరికి మాట ముద్దముద్దగా ముక్కుతో వచ్చేది. ముఖంలో కండరాలు కదలక నవ్వు కూడా పోయింది. మందిరంలో కొందరు సుజాతకు పొగరెక్కింది, పలకరిస్తే నవ్వదు అనుకున్నారు. వాళ్లను నేను తప్పుపట్టను, నాకే తెలియని సంగతి వాళ్లకెలా తెలుస్తుంది?

ఒక డాక్టరు కళ్లద్దాలు రాశాడు, ఒకాయన రక్తం తక్కువన్నాడు, ఇంకొకాయన మనసులో ఏదో దిగులుందన్నాడు. పొద్దునపూట వాళ్ల ముందు కూర్చుంటే నాకు అన్నీ బాగానే ఉండేవి మరి, నిజంగానే నాకు మతి చెడుతోందేమో అని భయపడ్డాను. చివరికి అనంతపురంలో ఒక పెద్దాయన, రెప్ప వేయకుండా పైకి చూడమ్మా అని చెప్పి, నా రెప్పలు రెండూ మెల్లగా కిందికి జారేదాకా ఓపిగ్గా చూసి, బెంగళూరులో నరాల ఆసుపత్రికి పంపించాడు. అక్కడ జబ్బు పేరు చెప్పారు, మయస్తీనియా గ్రేవిస్ అని. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారి తప్పి, నరం చెప్పిన మాట కండరానికి అందకుండా చేస్తుందట. అరుదుగా వస్తుంది, మందులతో అదుపులో ఉంటుంది, పూర్తిగా పోతుందని మాత్రం మాట ఇవ్వలేం అన్నారు. తిరుగు ప్రయాణంలో బస్సులో నేను ఏడ్చాను, మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికి రాగానే మా అత్త అడిగింది ఒకటే మాట. "అయితే ఇంగ ఏం తినొచ్చు, ఎట్ల తినొచ్చు, అది చెప్పినారా లేదా?"

ఆ రోజు నుంచి మా ఇల్లు నా మాత్రల వేళను బట్టి నడిచింది. మాత్ర వేసుకున్నాక కాసేపటికి గొంతులో బలం వస్తుంది, ఆ కాస్త సమయంలోనే తినాలి, ఆమె పొయ్యి వెలిగించడం కూడా ఆ లెక్కతోనే. నీళ్లలాంటివి నాకు పొలమారేవి, గట్టివి నమలలేను, అందుకని రాగిపిండితో గంజికీ సంగటికీ మధ్యగా జారుగా ఒకటి చేసి, పప్పుతేట కలిపి, చెంచాతో పెట్టేది. చేతులు పైకి లేవక తల దువ్వుకోలేకపోతే రోజూ ఆమే జడ వేసేది. అత్త కోడలికి జడ వేయడమేమని పక్కింటావిడ ఎగతాళి చేస్తే, "నీకూ వేయమంటే చెప్పు, కూసో, నీకూ వేస్తా" అంది మా అత్త, దువ్వెన దించకుండానే.

ఒకసారి హిందూపురం దగ్గర స్వస్థత కూటానికి వెళ్లాం. ఎక్కడి నుంచో వచ్చిన ఒక బోధకుడు, విశ్వాసమున్నవాళ్లు మందులు తెచ్చి వేదిక మీద వదిలేసి వెళ్లాలని చెప్పాడు. అంతమంది చూస్తుండగా నన్ను పైకి పిలిచాడు, నా చెయ్యి సంచిలోకి పోయింది కూడా. బాగుపడాలన్న ఆశ అలాంటిది సహోదరులారా. అప్పుడు మా అత్త నా వెనకే వేదిక ఎక్కి మాత్రల డబ్బా తన కొంగులో కట్టుకుంది.

"అయ్యగారూ, మీరు ప్రార్థన చేయండి, కాదనను. మందులు మటుకు ఈడ పెట్టేది లేదు. ఈ మందు కనిపెట్టే తెలివి మనిషికి ఇచ్చినోడు ఎవురు? ఆయన ఇచ్చినదాన్ని ఈడ పారేసి పోతే ఆయనకు మర్యాదగా ఉంటాదా?"

మైకులో ఆ మాటలు అందరికీ వినిపించాయి. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించి పంపించాడు. ఆ రోజు ఆమె లేచి రాకపోయి ఉంటే నేనీ రోజు మీ ముందు ఉండేదాన్ని కాదు.

ఆ తర్వాత చలికాలంలో జలుబు చేసి, అది ఊపిరితిత్తులకు దిగింది. ఆదివారం పొద్దున మందిరానికి తయారవుతుండగా మెడ నిలబడలేదు, నా తల పట్టు లేకుండా ముందుకు వాలిపోయింది. అత్తా అని పిలవబోతే ఊపిరి చాలలేదు. ఆమె నా ముఖం చూసింది, "ప్రేమూ, బండి పిలువు, ఇప్పుడే" అని కేక వేసింది. దారి పొడవునా నా తలను తన భుజానికి ఆనించి పట్టుకునే కూర్చుంది. బెంగళూరు చేరేసరికి నేను ఊపిరి తీయడం లేదు, లాగుతున్నాను. గొంతులో గొట్టం వేసి యంత్రం పెట్టారు.

వినండి, ఆ జబ్బులో తెలివి పోదు. కళ్లు తెరవలేను, వేలు కదపలేను, కానీ అన్నీ వినిపిస్తాయి. ఈ మనిషి బతుకుతుందా అని ఎవరో మెల్లగా అడగడం కూడా విన్నాను. అన్నాళ్లూ నేను ప్రభువును అడిగింది ఒక్కటే, నా జబ్బు తీసేయమని. తీయకపోతే ఆయన నన్ను మరిచిపోయాడనే అనుకునేదాన్ని. అలా పడి ఉన్న నా దగ్గరికి మా అత్తను కాసేపు రానిచ్చారు. ఆమె నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడినట్టు ప్రార్థించింది.

"ప్రభువా, నాకు సక్కంగ అడగడం రాదు. ఈ పిల్లను నువ్వే ఇచ్చినావు. జబ్బు తీస్తే మేలు, తీయకపోయినా నిన్ను ఒక మాట అనను. మనిషిని మటుకు నాకు ఇయ్యి. జబ్బుతోనే సాక్కుంటా."

సహోదరులారా, నా విడుదల ఆ క్షణంలో జరిగింది. ఒళ్లు ఇంకా యంత్రానికే కట్టుబడి ఉంది, అయినా నా మీద నుంచి పెద్ద బరువు దిగిపోయింది. జబ్బుతో ఉన్న నన్నే కావాలని అడిగే మనిషి ఒకరున్నారు, ఆ మనసు ఆమెలో పెట్టినవాడు నన్నెలా మరిచిపోతాడు? మొదటిసారి నేను లోపల ఏమీ అడగకుండా, ప్రభువా నీకు స్తోత్రం అని ఊరుకున్నాను.

రక్తాన్ని యంత్రంతో శుభ్రం చేసే చికిత్స చేశారు. మెల్లగా రెప్పలు లేచాయి, మింగడం వచ్చింది, గొట్టం తీశారు. తర్వాత ఈ జబ్బుతో సంబంధమున్న ఛాతీలోని ఒక గ్రంథికి ఆపరేషన్ కూడా జరిగింది. దేవునికే మహిమ. అది జరిగి ఏళ్లు గడిచాయి. ఇప్పటికీ మాత్రలు వేసుకుంటున్నాను, వాటి వల్ల ముఖం ఉబ్బింది, షుగర్ వచ్చింది, ఎండలో ఎక్కువసేపు ఉంటే రెప్ప వాలుతుంది, కొన్ని రోజులు మంచం దిగలేను. మిగతా రోజుల్లో పొద్దునపూట బడికి పోతాను, పిల్లలకు అక్షరాలు దిద్దిస్తాను.

ఆసుపత్రి వరండాలో మాకు ఒక అమ్మాయి కలిసింది, మీ ధర్మవరం అమ్మాయే, పట్టుచీరలు నేసే ఇల్లు, నా జబ్బే ఆమెకూ. వాళ్లు వేరే దేవుళ్లను కొలిచేవాళ్లు. మా అత్త మోకాళ్ల నొప్పులతోనే నాతో బస్సెక్కి వచ్చి, వాళ్లింట్లో పొయ్యి ముందు కూర్చుని, ఆ అమ్మాయి అత్తకు రాగిపిండి ఎంత జారుగా కలపాలో చేసి చూపించింది. అంతసేపూ మగ్గం ఆపి ఇంటిల్లిపాదీ చూశారు. మేం తిరిగి బయల్దేరేటప్పుడు ఆ అమ్మాయి నన్ను గడప దగ్గర ఆపింది.

"అక్కా, మీ దేవుడు నీ జబ్బు తీసేసినాడా?"

"లేదమ్మా" అన్నాను. "తీయలేదు. నన్ను మాత్రం ఒక్క పూట కూడా వదలలేదు."

"అయితే నా కోసం కూడా మీ దేవునికి చెప్పు" అంది ఆమె.

రోజూ చెబుతున్నాను. మీలో ఎవరైనా ఎంతకీ పోని జబ్బుతో ఉంటే, మందులు మానకండి, ఆయన చెయ్యీ వదలకండి. నీరసంగా ఉన్న రోజున ప్రార్థించే ఓపిక కూడా లేకపోతే, మీ తరఫున అడిగేవాళ్లను ఆయనే మీ ఇంట్లో పెట్టి ఉంటాడు, ఒకసారి చుట్టూ చూడండి. మా అత్త ఆ చివర గోడ పక్కన కూర్చుని ఉంది. తన గురించి చెప్పొద్దని బస్సులో వచ్చేటప్పుడే నాతో అంది. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమెను నాకు ఇచ్చిన ప్రభువుకు వందనాలు.