గిద్దలూరు బజారు చెక్కలు

మద్రాసు రాజధాని రోజుల్లో రెండోసారి గిద్దలూరు వెళ్లాను. మిట్టమధ్యాహ్నం మూసి ఉన్న ప్రతి దుకాణానికీ తలుపు చెక్కల వరుసలో ఒకటి లేదు. ఆ సందులో గోనెపట్టా వేలాడుతోంది. ఇంత బద్ధకమేమిటి వీళ్లకని విసుక్కుని, అరుగు మీద బట్టలు కుడుతున్న సాయిబును అడిగాను.

"కలరా వచ్చిందన్నా. వెదురు తెచ్చేవాళ్లు భయపడి అడవి దిగలేదు. పాడెలు లేక పీనుగులు ఇండ్లల్లోనే ఉండిపోయినాయి. అప్పుడు దుకాణానికొక చెక్క పీకి ఇచ్చినాం. అవీ పీనుగులతోనే కాలిపోయినాయి."

"వీధి చివర వడ్రంగి ఉండేవాడు కదా, పోయినసారి నా పెట్టెకు మూత బిగించాడు. అతనితో కొత్తవి చేయించుకోవచ్చుగా?"

సాయిబు సూది ఆపి, తన తలుపుకు వేలాడే గోనెపట్టా వైపు చూశాడు.

"ఆ మామను మోసింది నా చెక్క మీదనే అన్నా."