తప్పు తూటాదా, మనదా?

మా రైఫిల్ కోచ్ సార్ పోయారు. వైరాలో నేను పాఠాలు చెప్పే బడి వదిలాక పిల్లల్ని బస్సెక్కిస్తుంటే ఆయన భార్య ఫోను చేశారు. "సార్ ఇగ లేడు బిడ్డా," అన్నారు. గొంతులో ఏడుపు లేదు. నెలల తరబడి దవాఖానా చుట్టూ తిరిగిన మనిషికి ఏడ్చే ఓపిక కూడా మిగల్లేదు. నేను అలాగే భద్రాచలం బస్సెక్కాను.

సార్ సైన్యంలో చేసి వచ్చి, మా వైపు అడవి మొదలయ్యే చోట మట్టికట్ట పోయించి చిన్న షూటింగ్ రేంజ్ నడిపారు. నేర్చుకునే మేమంతా సేద్యగాళ్ల పిల్లలం. విదేశీ తూటాలు కొనే స్తోమత ఎవరికీ లేదు. ఇక్కడి సర్కారు ఫ్యాక్టరీవి చవక తూటాలే గతి. వాటితో చిక్కేమిటంటే, నాలుగు ఒకే చోట పడి, ఐదోది చెప్పాపెట్టకుండా కిందికి జారేది.

అందుకని ఒక్కో విడతలో తయారై వచ్చిన ప్రతి బ్యాచ్‌నూ సార్ పరీక్షించేవారు. మన చేతి వణుకు లెక్కలోకి రాకుండా రైఫిల్‌ను ఇసుక సంచి మీద ఆనించి కాల్చడం, కాగితం మీద చిల్లులు ఎంత దగ్గరగా పడ్డాయో కొలవడం, గొట్టం తుడవడం, మళ్లీ కాల్చడం. ఒకసారి కంసాలి త్రాసు తెచ్చి తూటాలు తూచి వేరుచేశారు. పెద్దగా తేడా రాలేదు. "గిది దండుగ పని," అని నవ్వి త్రాసు తిరిగిచ్చేశారు. ఒక రైఫిల్‌కు కుదిరిన బ్యాచ్ పక్కదానికి కుదిరేది కాదు. మళ్లీ మొదటికి. మెడలు పట్టేసేవి, కళ్లు మండేవి.

"ఇంకెంతసేపు సార్?"

"తేలేదాంక. తప్పు నీదా, తూటాదా ముందు తేల్చుకో. తేలకముందు ఏడ్వకు."

ఆ ఏడు రాష్ట్ర పోటీలకు హైదరాబాద్ వెళ్లాం. నేను జూనియర్లలో, సార్ పెద్దవాళ్ల విభాగంలో. ఎన్నో ఏళ్లుగా ఆయనకు పతకం అందినట్టే అంది తప్పిపోతోంది. మా ఇద్దరి రైఫిళ్లకూ కుదిరిన ఒకే ఒక్క బ్యాచ్ దుకాణంలో కొద్దిగానే దొరికింది. అదంతా నా పెట్టెలో సర్దారు. నా పోటీ ముగించుకుని ఆయన కాల్చేది చూద్దామని వెళితే, పక్కన ఎర్ర పెన్సిల్‌తో ఇంటూ కొట్టిన పెట్టెలున్నాయి. సాధనకే అని ఆయనే పక్కన పెట్టినవి.

"ఏంది సార్, గివి పనికిరావన్నరు గదా?"

"మంచివి ఒడిసినయ్. నువ్వు పక్కకు జరుగు."

నేను జాతీయ పోటీలకు ఎంపికయ్యాను. ఆయనకు ఆసారీ పతకం రాలేదు. తిరుగు బస్సులో, మాతో వచ్చిన ఆయన భార్య ఆగలేక అడిగారు: "మీకు కొన్ని ఉంచుకుంటే ఏంబోయె?"

సార్ సీటుకు తల వాల్చారు. "నా తప్పు కాదు, తూటాదని నాకు ఎరుకే. గురి తప్పితే ఆ పిల్ల తనదే తప్పనుకుంటది. మళ్ల రైఫిల్ ముట్టదు."

వెనక సీట్లో ఉన్నాను. విన్నట్టు ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

నేను భద్రాచలంలో సార్ ఇంటికి చేరేసరికి దహనం అయిపోయింది. వాకిట్లో టెంటు కింద జనం మెల్లగా మాట్లాడుకుంటున్నారు. ఆయన భార్య గోడకు చేరగిలబడి, నోరు కాస్త తెరుచుకుని, గాఢంగా నిద్రపోతున్నారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే చెప్పులు చేత పట్టుకుని, ఆవిడను తాకకుండా, చప్పుడు చేయకుండా పక్కనుంచి నడిచి వెళుతున్నారు.