అత్త కారులో దారి చెప్పే పెట్టె

ఇనుపరాయి తవ్వకాలు జోరుగా సాగిన ఆ ఏళ్లలో మా బళ్లారి చుట్టుపక్కల డ్రైవర్లకు వచ్చినంత కరువు ఇంక దేనికీ రాలేదు. స్టీరింగు పట్టడం తెలిసిన ప్రతివాడూ సండూరు వైపు వెళ్లి ఖనిజం లారీ ఎక్కాడు. ఇంటి కారుకు మనిషి దొరకడం కష్టం, దొరికినా నెల తిరక్కుండా వెళ్లిపోయేవాడు. మా మేనత్త యాభై రెండో ఏట కారు నడపడం నేర్చుకున్నది అందుకే.

అత్తవాళ్లది రూపనగుడి దగ్గర ఒక పల్లె. మామ వయసులో ఉండగా లారీ తోలేవాడు. తర్వాత సొంతంగా లారీలు కొని ఖనిజం రవాణాకు పెట్టాడు. ఒకరోజు పొద్దున పళ్లు తోముకుంటూ స్నానం చేసే బచ్చలి దగ్గరే కూలిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడ్డాయి. మాట పోయింది. సరిగ్గా చెప్పాలంటే ఒక్క మాట మిగిలింది, "అదే" అని. నీళ్లు కావాలన్నా అదే, చాలన్నా అదే, కోపమొచ్చినా అదే. మేం చెప్పేది మాత్రం ఆయనకు పూర్తిగా అర్థమయ్యేది.

బెంగళూరులో ఒక ఆసుపత్రిలో చెయ్యీ కాలూ ఆడించడం, మాట పలికించడం నేర్పుతారని ఎవరో చెప్పారు. పదిహేను రోజులకొకసారి తీసుకెళ్లాలి. లారీల వ్యవహారం అప్పటికి మామ తమ్ముడి చేతికి వచ్చింది. డ్రైవర్లలో ఒకణ్ణి పంపమని అడిగితే ఆయన రెండుసార్లు పంపాడు, మూడోసారి లోడు ఉందన్నాడు. నాలుగోసారి అత్త అడగలేదు. బళ్లారిలో డ్రైవింగు నేర్పే ఆయన దగ్గర నలభై రోజులు తిరిగి, లైసెన్సు తెచ్చుకుంది.

ఇది విన్నప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. మిక్సీ తిరిగేటప్పుడు వంటింటి గడప అవతల నిలబడే మనిషి ఆమె. సెల్‌ఫోనులో పచ్చ బొత్తం, ఎర్ర బొత్తం తప్ప మూడోది ముట్టుకునేది కాదు. టీవీ రిమోటును ప్లాస్టిక్ సంచిలో చుట్టి, ఎవరైనా పిల్లలు వస్తేనే బయటికి తీసేది. ఒకసారి అడిగేశాను.

"కారు అంటే నీకు భయం లేదా అత్తా?"

"కారు వేరేప్పా. ఎద్దులబండి మాదిరే అది, ఎట్ల తిప్పితే అట్ల పోతాది. మీ ఫోన్లు అట్ల కాదు. ఒకటి నొక్కితే ఇంగొకటి వస్తాది. దాన్ని తీసేకి పోతే మూడోది వస్తాది" అంది.

నేను అప్పట్లో బళ్లారిలో ఒక కాలేజీలో కంప్యూటర్ల గది చూసుకునేవాణ్ణి. అందువల్ల స్విచ్చు ఉన్న ప్రతి వస్తువూ నాకు తెలుసని మా బంధువులు నమ్మేవారు. ఒక ఆదివారం అత్త కబురు పెట్టి పిలిపించింది. కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, విషయం చెప్పింది. చెళ్లకెర, హిరియూరు, శిర దాకా ఇబ్బంది లేదట. చాయంగడి దగ్గర ఆపి అడిగితే ఎవరో ఒకరు చెప్తారు. బెంగళూరు లోపలికి పోయినాకనే కష్టం. క్రితంసారి ఒక పెద్ద వంతెన మీద తప్పు వైపు దిగి, గంటసేపు అక్కడక్కడే తిరిగారట. మామకు దారి తెలుసు. ఎడమ చెయ్యి చాచి చూపిస్తాడు. కానీ కుడి వైపు చూపించాలంటే ఆ చెయ్యి అత్త మొహానికి అడ్డంగా రావాలి. ఆమె చూసి అర్థం చేసుకునేలోగా మలుపు దాటిపోతుంది. చివరికి ఆయన తలను కారు అద్దానికి ఆనించి ఏడ్చాడట.

"దారి చెప్పే పెట్టె ఒకటి వస్తాందంట గదా. నాకు చేతనయ్యేది ఉంటే తెచ్చీ. చేతగానిది మాత్రం తేవద్దు" అంది.

ఏది చేతనవుతుందో తెలియాలంటే ముందు ఆమెను గమనించాలి. ఆ వారం నేను కూడా వాళ్లతో బెంగళూరు వెళ్లాను. వెనక సీట్లో కూర్చుని చూశాను. అత్త కళ్లు రోడ్డు మీదినుంచి కదలవు. ఏ పక్కకూ చూడదు, వేగం చూపే ముల్లును కూడా చూడదు. కాబట్టి తెర ఎంత అందంగా ఉన్నా ఆమెకు పనికిరాదు. చెవికి గట్టిగా వినపడాలి. అక్షరాలు కొట్టాల్సిన పని ఉండకూడదు. తప్పుదారిన పోతే అరవకూడదు. దారిలో ఎర్రదుమ్ము సంగతి కూడా ఉంది. ఖనిజం లారీల వెనక అరగంట పోతే కారు లోపలి వస్తువుల మీద కూడా ఒక పొర పేరుకుంటుంది. చిన్న చిన్న బొత్తాల సందుల్లో దుమ్ము దూరితే ఆ వస్తువు పని అంతటితో సరి.

బెంగళూరులో అలాంటి వస్తువులు అమ్మే దుకాణంలో మూడు రకాలు చూపించారు. మొదటిది పాటలు పాడుతుంది, ఫొటోలు చూపిస్తుంది, ఫోనుతో కలుస్తుంది. అమ్మేవాడు దాన్ని చాలాసేపు పొగిడాడు. ఆన్ చేయగానే మొదటి తెర మీద ఏం కనిపిస్తుంది అని అడిగాను. పన్నెండు బొమ్మలు కనిపించాయి. పక్కన పెట్టమన్నాను. రెండోది సన్నగా, నాజూగ్గా ఉంది కానీ గొంతు పీల. దుకాణం ముందు బస్సు ఆగితే అది చెప్పింది నాకే వినపడలేదు. మూడోది పాత మోడలు, మందంగా టిఫిన్ డబ్బాలా ఉంది. మొదటి తెర మీద రెండే రెండు పెద్ద గళ్లు. ఒకదాని మీద చిన్న ఇల్లు బొమ్మ. నొక్కితే ఎక్కడ ఉన్నా ఇంటికి దారి చెప్తుంది. రెండోది నొక్కితే పటం వస్తుంది. గొంతు గట్టిది. అన్నిటికన్నా నాకు నచ్చిన సంగతి, అది తెలుగులో కూడా మాట్లాడుతుంది. దాన్నే కొన్నాను.

ఇంటినీ ఆసుపత్రినీ అందులో నేనే గుర్తుపెట్టి ఉంచాను. మరుసటి ఆదివారం రూపనగుడి రోడ్డు మీద ప్రయత్నించి చూశాం. కొంత దూరం పోయాక పెట్టె, "ముందు ఎడమవైపునకు మలుపు తీసుకోండి" అంది. అత్త కారు ఆపేసింది.

"వార్తలు చదివినట్ల చెప్తాందే ఇది. ఎడమ అంటే ఏదని ఆలోచన చేసేలోపల సందు దాటిపోతాంది" అంది.

"ఎడమ తెలీదా అత్తా నీకు?"

"అన్నం తినేకాడ తెలుస్తాదప్పా. స్టీరింగుకాడ తెలీదు. నాకు నేర్పినాయన లెఫ్టు, రైటు అనే నేర్పె."

కన్నడం పెట్టి చూశాను. బడిలో ఆమె చదివింది కన్నడమే. అదీ కుదరలేదు. చివరికి ఇంగ్లీషు పెట్టాను. "టర్న్ లెఫ్ట్" అనగానే అత్త చేతులు వాటంతట అవే తిరిగాయి. తక్కిన మాటలు ఆమె పట్టించుకోలేదు. పెట్టె తెలుగు మాట్లాడుతుందని నేను దుకాణంలో పడిన సంబరమంతా వృథా అయింది.

అత్త సంగతి అలా కుదిరింది. మామ సంగతి నేను ఆలోచించలేదు.

మొదటి ప్రయాణంలోనే ఆయన దాని మీద పగబట్టాడు. ముందు అద్దానికి, ఇద్దరి మధ్యన దాన్ని అంటించాను. అది నోరు తెరిచినప్పుడల్లా ఆయన "అదే, అదే" అని దాన్ని మించి అరిచాడట. చెళ్లకెర చేరేలోగా ఎడమచేత్తో ఊడబెరికి సీటు కింద పడేశాడు. అత్త ఆసుపత్రి నుంచి నాకు ఫోను చేసింది.

"మీ మామకు అది పడలేదప్పా. ఆయప్ప జాగాలో వేరేవాళ్లను కూచోబెట్టినట్ల అనుకుంటాండాడు."

ఆమె అన్నది నిజమని నాకు తోచింది. ముప్పై ఏళ్లు రోడ్ల మీద బతికిన మనిషి. మాట పోయాక ఆయనకు మిగిలిన పని దారి చూపడం ఒక్కటే. దాన్ని కూడా నేను ఒక పెట్టెకు అప్పగించి వచ్చాను.

తర్వాతి ప్రయాణానికి మళ్లీ వాళ్లతో వెళ్లాను. పెట్టెను మధ్యలోంచి తీసి, మామ ముందు, ఆయన ఎడమచేతికి అందే చోట అంటించాను. అత్తకు చూడాల్సిన పని ఎలాగూ లేదు, వింటే చాలు. కారు కదిలే ముందు మామకు పటం తెరిచి చూపించాను. వేలితో జరిపితే రోడ్డు ఎలా జరుగుతుందో, ఒక చోట వేలు పెట్టి కింద ఉన్న పచ్చ బొత్తం నొక్కితే అక్కడికి ఎలా దారి చెప్తుందో చూపించాను. ఆయన నా వేలినే చూశాడు. బళ్లారి రోడ్డు ఎక్కాక మెల్లగా చెయ్యి చాచి పటం జరిపాడు. తెర మీదికి హిరియూరు వచ్చింది. అక్కణ్ణించి దావణగెరె, హుబ్బళ్లి. వెనక్కి వచ్చి మళ్లీ హాసన్ మీదుగా కొండదారి ఘాటు దిగి మంగళూరు. ఒకప్పుడు ఆయన లారీ తోలిన దారులు అవి. నీలం రంగు సముద్రం దగ్గర వేలు ఆపి కాసేపు అలాగే ఉంచాడు. దాదాపు గంటసేపు ఆయన ఒక్కసారి కూడా "అదే" అనలేదు.

హిరియూరు దగ్గర కొత్త వంతెన కడుతున్నారు. పెట్టెకు ఆ సంగతి తెలియక నేరుగా పొమ్మంది. మామ చెయ్యి అడ్డంపెట్టి పక్కదారి చూపించాడు. అత్త ఆయన చెప్పినట్టే తిప్పింది. కాసేపటికి పెట్టె కూడా తన దారి మార్చుకుని ఈ దారినే చెప్పడం మొదలుపెట్టింది. మామ దానివైపు చూసి "అదే" అన్నాడు. ఆ రోజు నుంచి వాళ్లిద్దరికీ పేచీ లేకుండా పోయింది.

అటు తర్వాత అత్త కారు స్టార్టు చేస్తే, మామ పెట్టె ఆన్ చేసేవాడు. ఆసుపత్రికి ఏది నొక్కాలో, ఇంటికి ఏది నొక్కాలో ఆయనకే తెలుసు. అత్త ఏడాది పాటు దాన్ని ఒక్కసారి కూడా వేలితో తాకలేదు. వెతికి వెతికి ఆమె కోసం కొన్న వస్తువు అది.

ఆ ఏడాదిలోనే ఒక మధ్యాహ్నం నేను కాలేజీలో ఉండగా అత్త ఫోను చేసింది. బెంగళూరు నుంచి తిరిగి వస్తున్నారు. శిరకు ఇంకా కొంత దూరం ఉందనగా కారు రోడ్డు పక్కకు ఆపింది.

"నువ్వు తెచ్చిన పెట్టె చెడిపోయిండాదప్పా. హైవే ఇడిసిపెట్టి లెఫ్టుకు పొమ్మంటాంది. మనూరికి ఈడనించి దారి యాడుండాది?"

"ఇల్లు బొమ్మ కనిపిస్తుంది చూడు, అది నొక్కు అత్తా" అన్నాను.

ఫోనులో గాజుల చప్పుడు వినపడింది. తర్వాత, "మీ మామ నొక్కనీడు. నా చెయ్యి పట్టుకోనుండాడు" అంది.

"కోపంగా ఉన్నాడా?"

"కోపం లేదు. నగుతాండాడు."

అప్పుడు నాకు అర్థమైంది. "ఆయనే పెట్టి ఉంటాడు. అడిగి చూడు" అన్నాను.

ఫోను దూరంగా పట్టుకుని ఆమె అడగడం వినపడింది. "నువ్వే పెట్టినావా? యాడికి? యాడికి పోవల్ల?" ఆయన నెమ్మదిగా ఒక్కసారి "అదే" అన్నాడు. అత్త మళ్లీ ఫోనులోకి వచ్చి, "సరేప్పా, పోయి చూస్తాం" అని పెట్టేసింది.

తక్కిన సంగతి మర్నాడు ఆమె నోటితో విన్నాను. లోపలికి ముప్పావు గంట పోయారట. ముందు వేరుశెనగ చేలు, తర్వాత కొబ్బరి తోటలు. ఒక ఊరి చివర ఖాళీ కళ్లం దగ్గర పెట్టె, చేరవలసిన చోటు వచ్చిందని చెప్పి ఊరుకుంది. అక్కడ ఎవరూ లేరు. ఎవరి కోసం వచ్చారో అత్తకు తెలియదు కనుక ఎవరినీ అడగలేకపోయింది. మామ చుట్టూ చూసి ఒక సందు వైపు చెయ్యి చూపించాడు. ఆ సందులో పెంకుటింటి ముందు ఒక ముసలాయన కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు. కారు దగ్గరికి వచ్చి, వంగి చూసి, మామ వైపు తలుపు తీశాడు.

పదకొండేళ్లు ఒకే లారీ మీద మామతో కలిసి పనిచేసిన రెండో డ్రైవరు ఆయన. ఆయన పేరు అత్త వినడమే గాని మనిషిని చూసింది లేదు. మామకు జబ్బు చేసిందని ఆయనకూ తెలియదు. ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. ఆయన కన్నడంలో పాత సంగతులు చెప్పాడు, మామ విన్నాడు.

"మీ మామ అదే అంటే, ఆయప్ప దానికి తగినట్ల జవాబు చెప్తాండె. ఏమంటాండావని ఒక్కసారి గూడా అడగలేదప్పా. నేను ఇంట్లో దినాము అడుగుతాండా" అంది అత్త.

ఆ ముసలాయన చెప్పినదాంట్లో ఒకటి, ఒకసారి వానలో ఇద్దరూ లారీలో మంగళూరు ఘాటు దిగుతుంటే బ్రేకులు పట్టలేదట. దూకెయ్యమని మామ అరిచినా ఆయన దూకలేదట. మామ లారీని కొండ వైపు ఒరిగించి, రాళ్లకు రాసుకుంటూ పోయి ఆపాడట. తర్వాత ఇద్దరూ రోడ్డు మీదే కూర్చుని, తెల్లారేదాకా చలికి వణికారట. ఇంట్లో చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నారు. అప్పటికి అత్తకు పెళ్లయి ఏడాది.

"ముప్పై ఏండ్లాయె. నాకు ఈ మాట యానాడూ చెప్పలేదు" అంది అత్త. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. కొత్తగా తెలిసిన విషయాన్ని ఒకసారి పైకి అనుకుని చూసుకుంటున్నట్టు చెప్పింది.

ఆ తర్వాత బెంగళూరు నుంచి వచ్చేటప్పుడల్లా అక్కడ ఆగేవారు. ఆ ఇంటామె అత్తకు కొబ్బరికాయలు ఇచ్చేది, అత్త ఇక్కణ్ణించి జొన్నలు తీసుకెళ్లేది. మామకు ఆసుపత్రిలో ఇంకో నాలుగైదు మాటలు వచ్చాయి, అంతకు మించి రాలేదు. కాలు మాత్రం కొంత నయమై చేతికర్రతో నడిచేవాడు.

మరుసటి ఎండాకాలం ఆ ముసలాయన బస్సెక్కి రూపనగుడిలో దిగాడు. మూడు రోజులు ఉన్నాడు. రెండో రోజు అత్త ఇద్దరినీ కారులో కూర్చోబెట్టుకుని హోసపేట డ్యాము చూపించడానికి తీసుకెళ్లింది. నేనూ వెళ్లాను. దారిపొడుగునా ఖనిజం లారీలు. ఆయన వెనక సీట్లోంచి ఒక్కొక్క లారీని చూసి, టైర్లు ఎలా ఉన్నాయో, లోడు ఎంత మించి ఉందో కన్నడంలో చెప్తూ వచ్చాడు. మామ తల ఆడించాడు. అత్త ఎవరినీ పట్టించుకోకుండా, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, నిదానంగా లారీలను దాటుకుంటూ పోయింది.