శౌరమ్మ తగ్గించిన గొంతు

మా డేనియల్‌కి పాటలో ఇద్దరే శత్రువులు. ఒకటి వినపడని మాట, రెండోది చెవులు పగలగొట్టే కేక. ఈ రెంటినీ లేకుండా చేయడమే సౌండ్ ఇంజనీరింగ్ అని వాడి నమ్మకం. నమ్మకం కాదు, మూర్ఖత్వం అని నేను ఏళ్ల తరబడి మొత్తుకుంటూనే ఉన్నాను. వింటేగా! చెవులతో బతికే మనిషికి చెప్పిన మాట చెవికెక్కదు, అదేం ఖర్మో.

వన్ టౌన్‌లో ఒక ఎండుమిర్చి గోడౌను మీద మా స్టూడియో. పాడటానికి వచ్చేవాళ్లు ముందు తుమ్ముతారు, ఆ తర్వాతే శృతి అందుకుంటారు. నేను కిరీటిని, కీబోర్డు వాయిస్తాను. ఇంట్లో సత్యనారాయణ వ్రతాలు, స్టూడియోలో హల్లెలూయలు. రెంటిలో దేనికీ మా ఆవిడ అడ్డు చెప్పదు, ఇంట్లో కీబోర్డు ముట్టుకుంటే మాత్రం ఊరుకోదు.

డేనియల్‌ది ఇబ్రహీంపట్నం. వాళ్ల నాన్న పాల్ గారు మైక్ సెట్ అద్దెకిచ్చేవారు. ప్రార్థన కూటమైనా, పెళ్లయినా హారన్ కట్టడానికి చెట్టెక్కేది డేనియలే. ఊరి చివరింటికి మాట స్పష్టంగా చేరకపోతే వీపు విమానం మోత మోగేది. అలా నేర్చుకున్న విద్య వాడిది. అందుకే వాడు చేసిన పాట ఆటోలో పెట్టినా, ఫోన్లో పెట్టినా, గుడి మీది హారన్లో పెట్టినా ప్రతి అక్షరం వినపడుతుంది. పాస్టర్లు వాడినే వెతుక్కుంటూ వస్తారు. "ఆ పక్క చర్చి వాళ్ల పాట మాదానికంటే గట్టిగా మోగుతుంది బ్రదర్, మాది ఇంకొంచెం లేపండి" అంటారు. వాడు లేపుతాడు. మర్నాడు ఆ పక్క చర్చి వాళ్లు వస్తారు.

ఈ లేపడానికి కంప్రెసర్ అని ఒక పెట్టె ఉంది. గొంతు పెద్దదైన చోట అణిచేస్తుంది. అణిచాక మొత్తాన్నీ పైకి ఎత్తితే, చిన్న గొంతు కూడా వచ్చి పెద్ద గొంతు పక్కన నిలబడుతుంది. దమ్ము చేసిన చేను చదును చేసినట్టు, గట్టు కొట్టి గుంటలో నింపడమే. కాస్త వాడితే మంచిదే, అందరూ వాడతారు. కాకపోతే తెలివైనవాళ్లు ముందు అసలు గొంతు రికార్డు చేసుకుని, తర్వాత ఆ పని చేస్తారు. మావాడు పెట్టెను మైకుకీ కంప్యూటర్‌కీ మధ్యలోనే పెట్టేస్తాడు. రికార్డయ్యేదే చదునైన గొంతు, అసలుది ఎక్కడా మిగలదు. ఒకసారి ఒక పాస్టర్ గారు మెత్తగా పాడుతూ పాడుతూ ఉన్నట్టుండి "హల్లెలూయ!" అని అరిచారు. టేకంతా బర్రుమంది. అప్పట్నుంచీ ఆ పెట్టె అక్కణ్నుంచి కదల్లేదు.

శౌరమ్మ గారిని వాళ్లమ్మాయి జెస్సికా తీసుకొచ్చింది. కూచిపూడి దాటాక కాలవ పక్క ఊరు వాళ్లది. ఊడ్పులకీ కలుపులకీ వెళ్లే మనిషి. వాళ్ల ఆర్‌సీఎం గుడిలో, అంటే కేథలిక్ చర్చిలో, గుడ్ ఫ్రైడే నాటి మధ్యాహ్నం సిలువ కింద మరియ తల్లి ఏడుపు పాడేది ఆవిడే. అంతకుముందు వాళ్లమ్మ సువార్తమ్మ పాడేదట. ఆ పాటకో పద్ధతుంది. చరణం చరణానికీ గొంతు తగ్గించుకుంటూ పోవాలి. కొడుకు ప్రాణం ఎలా తగ్గుతుంటే తల్లి గొంతు అలా తగ్గాలన్నమాట. చివరి చరణానికి గుడిలో జనమంతా ఊపిరి బిగబట్టి ముందుకు వంగుతారు. అప్పుడు "కొడుకా" అని ఒక్కటే కేక. మొండి మగాళ్లు కూడా ఆ కేకకి ఏడుస్తారని జెస్సికా చెప్పింది.

ఆవిడ గొంతులో గడ్డ. క్యాన్సర్ అన్నారు. డాక్టర్లు రెండు దారులు చూపించారు. రేడియేషన్ కరెంటు పెట్టించుకుంటే గొంతు నిలబడొచ్చు, జబ్బు తిరగబెట్టినా తిరగబెట్టొచ్చు. గొంతు పెట్టె తీసేస్తే ప్రాణానికి భరోసా ఎక్కువ, మాట మాత్రం ఇక ఉండదు. శౌరమ్మ ఏదీ తేల్చలేదు. ముందు పాట రికార్డు చేయించండి, ఆ తర్వాత చెప్తానంది.

"చెవులకి ఇదేంటి నాయనా?" అంది హెడ్‌ఫోన్స్ పెట్టబోతుంటే.

"మీ గొంతు మీకే వినపడుద్దమ్మా. భయపడమాకండి" అన్నాడు డేనియల్.

నేను వాణ్ని పక్కకి లాగాను. "ఒరేయ్, ఆ పెట్టె తీసెయ్. తగ్గించి పాడటమే ఆ పాట అంటున్నారు, వినలేదా?"

"ఆ కేకకి టేకు పగిలితే మళ్లీ పాడిస్తావా? ఆవిణ్ని చూడు, రెండోసారి పాడే ఓపికుందా? ఉన్నది ఒక్క టేకు. పోగొట్టుకోమంటావా?"

 వాడి భయం వాడిది. వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను.

ఆవిడ సిలువ గుర్తు వేసుకుని మొదలుపెట్టింది. "లేవరా నాయనా, పొద్దు వాలిపోతంది..." నాకు ఒళ్లు జలదరించింది. రెండో చరణం దాటాక ఎందుకో ఆవిడ చెయ్యి గొంతు మీదికి వెళ్లింది. కళ్లు తెరిచి మైకు వంక చూసింది. మళ్లీ అందుకుని చివరిదాకా పాడింది. కేక వేసింది. టేకు పగల్లేదు. డేనియల్ నా వంక చూసి "చూశావా" అన్నట్టు తలెగరేశాడు. శౌరమ్మ మాత్రం హెడ్‌ఫోన్స్ తీసి, ఎవరితోనూ మాట్లాడకుండా కూతురి చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయింది. ఆ వారంలోనే జెస్సికా ఫోన్ చేసి, అమ్మ గొంతు పెట్టె తీసెయ్యమని డాక్టర్లకి చెప్పేసిందంది. ఆపరేషన్ అయిపోయింది.

మిక్సింగ్‌కి కూర్చున్నాకే అసలు సంగతి బయటపడింది. స్క్రీన్ మీద ఆ గొంతు గీత మొదట్నుంచీ చివరిదాకా ఒకే ఎత్తున ఉంది. మొదటి చరణమెంతో చివరి చరణమూ అంతే, కేకా అంతే. రెండో చరణం చివర ఆవిడ గొంతు దించిన చోట, కింద గోడౌన్లో బస్తాలు దించేవాళ్ల మాటలు కూడా పైకి లేచి వినపడుతున్నాయి.

"ఏదీ ఆ కేక?" అన్నాను. "జనం ఏడ్చే కేక ఏదిరా?"

వాడు మళ్లీ పెట్టాడు, మళ్లీ విన్నాడు.  "ఈవిడ ఇంకెప్పటికీ పాడలేదు గదరా" అన్నాడు, ఆ సంగతి అప్పుడే తెలిసినట్టు.

అక్కణ్నుంచి వాడు మనిషి కాడు. పాస్టర్ల ఫోన్లు ఎత్తడు. హైదరాబాద్‌లో తెలిసినవాళ్లకి పంపాడు, చెన్నైలో పెద్ద ఇంజనీర్‌కి పంపాడు. అందరిదీ ఒకటే మాట: అణగ్గొట్టి రికార్డు చేశాక అసలుది ఎక్కణ్నుంచి తెస్తాం బాబూ? పోయినేడు ఊళ్లో వాళ్లు ఫోన్లలో తీసుకున్న వీడియోలు తెప్పించాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు! ఫోన్ చేసేదీ ఆ పనే కదా, చిన్న చప్పుడుని లేపుతుంది, పెద్దదాన్ని నొక్కేస్తుంది. ఆ తల్లి గొంతు ఉన్నదున్నట్టుగా ఈ భూమ్మీద ఎక్కడా లేదు. డేనియల్ భార్య హెప్సిబా నాకు ఫోన్ చేసి "అన్నయ్యా, ఈయన అన్నం ముందు కూర్చుని ఏడుస్తున్నారు, మీరొకసారి రండి" అంది.

వెళ్లేసరికి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, చేత్తో వాల్యూం కొంచెం కొంచెంగా దించుతున్నాడు. చరణం చరణానికీ కిందికి, కేక దగ్గర పైకి. నాకూ వినిపించాడు. దూరంగా నడిచి వెళ్లిపోతున్న మనిషి పాటలా ఉంది. దగ్గరే నిలబడి గొంతు తగ్గించుకున్న మనిషిలా లేదు.

"నీకొకటి తెలిసిందా?" అన్నాడు. "మూడో చరణం నుంచి ఆవిడ తగ్గించట్లేదురా. పెట్టె అణిచింది సరే, ఆవిడ కూడా నిండు గొంతుతోనే పాడింది. ఊపిరి చూడు, గుసగుసకి పట్టే ఊపిరి కాదది. ఎందుకట్టా పాడింది?"

నాకేం తెలుసు! పోయి ఆవిణ్నే అడుగుదామన్నాడు. ఎక్కడ ఎంత దించాలో చేత్తో చూపిస్తే చాలు, గుడ్ ఫ్రైడేలోపు ఎలాగోలా నిలబెడతానన్నాడు. వాడి ఆశ అది. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఇద్దరం నా బండి మీద బయల్దేరాం.

శౌరమ్మ వరండాలో మంచం మీద కూర్చుని ఉంది. మెడకి పల్చటి గుడ్డ కట్టారు. దాని కింద రంధ్రంలోంచే ఊపిరి, గుడ్డ అంచు లేస్తూ పడుతూ ఉంది. డేనియల్‌ని చూసి నవ్వింది. పెదాలు కదిపితే జెస్సికా చూసి మాకు చెబుతోంది.

డేనియల్ హెడ్‌ఫోన్స్ ఆవిడకి పెట్టి పాట వేశాడు. రెండో చరణం దాటగానే ఆవిడ చెయ్యెత్తి ఆపమంది. హెడ్‌ఫోన్స్ తీసేసి పెదాలు కదిపింది, చాలాసేపు. జెస్సికా ఒక్కో ముక్కే చెప్పింది.

"ఇక్కడే అంటందన్నయ్యా. ఆ రోజు ఇక్కడ గొంతు తగ్గించిందంట. తగ్గిస్తే చెవుల్లో తగ్గలేదంట. ఇంకా తగ్గించినా అంతే వినపడిందంట. గొంతు తన చేతిలో లేదనుకుందంట. జబ్బు ముందే తినేసింది, తగ్గించటం కూడా రావట్లేదు, ఇంక తగ్గించి ఏం లాభమని మామూలుగానే పాడేసిందంట." జెస్సికా కళ్లు తుడుచుకుంది. "పోయిన గొంతుని దాచుకోవటం దేనికి, తీసెయ్యమన్నాను, అంటంది."

 గడ్డ ఉన్నా, ఆ రోజుకి ఆవిడ గొంతు నిక్షేపంగానే ఉంది. ఆవిడ తగ్గించింది. తగ్గించిన ప్రతిసారీ మా దరిద్రపు పెట్టె లేపి ఆవిడ చెవిలో వేసింది. అది విని, ఆవిడ డాక్టర్ దగ్గరికెళ్లి గొంతు తీయించుకుంది.

శౌరమ్మ ముందుకి వంగి డేనియల్ చెయ్యి పట్టుకుంది. మళ్లీ పెదాలు కదిపింది.

"అప్పటికే పోయింది గదా నాయనా, అంటంది" అని జెస్సికా చెప్పింది. "నీకు తెలుసుద్ది గదా, నువ్వు దగ్గరుండి విన్నావు. మిషను అబద్ధం చెప్పదు గదా, అంటంది."

నేను నోరు తెరిచాను. చెప్పెయ్యాలనే తెరిచాను.  డేనియల్ రెండో చేత్తో నా మోకాలు పట్టుకుని గట్టిగా నొక్కాడు, గోళ్లు దిగాయి.

"అవునమ్మా" అన్నాడు. "అప్పటికే పోయింది."

"తగ్గట్లేదని మీకూ తెలిసిందా అన్నయ్యా?" అంది జెస్సికా.

"తెలిసిందమ్మా. ఆవిడ బాధపడుద్దని చెప్పలా."

శౌరమ్మ మెడ దగ్గర గుడ్డ ఒక్కసారి పైకి లేచి పడింది. అది నిట్టూర్పు అని కాసేపటికి గానీ నాకు అర్థం కాలేదు. ఆవిడ డేనియల్ తల మీద చెయ్యి పెట్టి, సిలువ గుర్తు వేసి, పెదాలతో ఏదో అంది. ఈసారి జెస్సికా చెప్పకపోయినా తెలిసింది. చల్లగా ఉండమంటోంది.

పాట ఎక్కడ ఎంత దించాలో వాడు అడగనేలేదు. ల్యాప్‌టాప్ మూసేశాడు. జెస్సికా గేటు దాకా వచ్చి మెల్లగా అంది, "ఆపరేషనైన కాణ్నుంచీ అమ్మకి నిద్ర లేదన్నయ్యా. తొందరపడ్డానేమో, కరెంటు పెట్టించుకుంటే గొంతు ఉండేదేమోనని ఒకటే ఏడుపు, సౌండ్ లేకుండా. ఇవాళ పడుకుంటది. మీరొచ్చి చాలా మంచి పని చేశారు."

డేనియల్ ఆ అమ్మాయి వంక చూడలేకపోయాడు. వెళ్లొస్తామమ్మా అని నేనే చెప్పాను.